మైలిన్ పేపరు

“ఇంకోసారి చెప్పు బేటీ,” అంది షమీమ్, పెనం మీద పరోటా తిప్పుతూ.

పీట మీద కూర్చున్న కోడలు ఆలియా విసుక్కోకుండా మొదటినుంచి అందుకుంది. “మెదడులో నరాల చుట్టూ పొరలు పొరలుగా ఉండే తొడుగే మైలిన్. ఎండబెట్టి తూస్తే ముప్పాతిక వంతు దాకా కొవ్వే. మిగతాది ప్రొటీన్లు. వాటిలో దాదాపు సగం ప్రొటియోలిపిడ్ ప్రొటీన్.”

“రెండోది?”

“మైలిన్ బేసిక్ ప్రొటీన్. మూడో వంతుకు కాస్త తక్కువ. పొరలను లోపలి వైపు నుంచి అంటించి పట్టుకునేది అదే.”

“అది లేకుంటే?”

“పొరలు సరిగ్గా అతుక్కోవు. నరంలో కబురు వేగంగా పోదు.”

గిద్దలూరు బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేసే అబ్రార్, దుకాణం మూసి వచ్చి గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. పెళ్ళై నలభై రోజులు. భార్య ఏం మాట్లాడినా అతనికి వినబుద్ధవుతుంది.

“మా రాగితీగకు వార్నిష్ ఉన్నట్టు,” అన్నాడు. “అది పోతే మోటారు కాలిపోతాది.”

“వచ్చినాడమ్మా ఇంజనీరు. పోయి కాళ్ళు కడుక్కో,” అంది షమీమ్.

ఈ పేపరు సంగతి అతనికి వారం కిందట తెలిసింది. అలమారలో నోట్సు చూసి “ఇదేంది?” అంటే, ఆలియా గొంతు తగ్గించింది.

“డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయింది. పాత పేపర్లకు యూనివర్సిటీ ఈ ఒక్కసారే అవకాశమిచ్చింది. వచ్చే సోమవారం మార్కాపురంలో పరీక్ష. ఇది పోతే ఇంక డిగ్రీ లేనట్టే.”

పెళ్ళిచూపుల్లో డిగ్రీ పాసైందని చెప్పారు. అబ్రార్‌కు ఆ అబద్ధం మీద కోపం రాలేదు. ఆమె ఇంకాస్త ముద్దొచ్చింది.

“అమ్మీకి తెలుసా?”

“అందరికంటే ముందు ఆమెకే తెలుసు. మామయ్యకు మాత్రం చెప్పొద్దు. నవ్వుతారు.”

అత్త కోడలిని ఇట్లా వెనకేసుకొస్తుందని అతను అనుకోలేదు. కానీ ఇవాళ అడిగిందే అడగడం మరీ ఎక్కువైంది.

“అమ్మీ, పిల్లను రెండు ముద్దలు తిననీ. అయ్యవార్లు కూడా ఇట్ల సతాయించరు.”

“ఫెయిలైతే నువ్వొచ్చి రాస్తావా?” అంది షమీమ్. పెనం మీద పరోటా మాడింది. అమ్మ చేతిలో పరోటా మాడడం అబ్రార్ ఎన్నడూ చూడలేదు.

మర్నాడు దుకాణం తెరవకుండా ఇద్దరినీ మార్కాపురం బస్సెక్కించి తానూ ఎక్కాడు. దారి పొడవునా అత్తాకోడళ్ళు ఒకే నోట్సు మీదికి వంగి గొణుక్కుంటూనే ఉన్నారు.

కాలేజీ గేటు ముందు అబ్రార్ కొత్త పెన్ను కొని ఆలియా చేతిలో పెట్టాడు.

“భయపడొద్దు. పాస్ గాకపోయినా నువ్వు నాకేం తక్కువ గావు.”

ఆలియా అతని వంక వింతగా చూసి, ఏదో చెప్పబోయింది. అంతలో గంట మోగింది.

ఆమె చేతిలోని పెన్ను అందుకుని, తన పేపరు రాయడానికి షమీమ్ లోపలికి నడిచింది.