ఎర్వే వదిలేసినవి

“ఈ కాఫీ నేను తాగుతున్నానా, నా అలవాటు తాగుతోందా?” అన్నాడు ఎర్వే, గిన్నె నోటిదాకా తెచ్చి ఆపి.

రొట్టెకు వెన్న రాస్తున్న మారివోన్ చెయ్యి ఆగింది.

“చల్లారిపోతోంది. తాగేదుంటే తాగు.”

“అదే అడుగుతున్నా. మా నాన్న తాగేవాడు, నేనూ తాగుతున్నా. నన్నెవరైనా అడిగారా?” గిన్నె పక్కకు జరిపాడు. “రేపట్నుంచి వేణ్ణీళ్ళు.”

అలా కాఫీ పోయింది.

ఇదంతా స్టేషన్ వీధి కెఫేలో ఆదివారం పొద్దుటిపూట జరిగే తత్వచర్చల పుణ్యం. అక్కడ ఒక కాఫీ చెప్పుకుని చెయ్యెత్తితే ఎవరైనా మాట్లాడవచ్చు. మనిషి ముందే తయారై పుట్టడని, తాను ఎంచుకునేవాటితోనే తయారవుతాడని, ఎంచుకోకుండా ఊరుకోవడం కూడా ఒక ఎంపికేనని ఓ రిటైర్డు మాస్టారు చెప్పాడు. అందరూ బుద్ధిగా తల ఊపి, ఇంటికెళ్ళి ఎప్పటిలాగే ఆదివారపు కోడిని తిన్నారు. ఎర్వేది మందులషాపు. ఆ అలవాటో ఏమో, అతనొక్కడే చెప్పిన మందు చెప్పిన మోతాదులో వేసుకున్నాడు.

అతన్ని అక్కడికి పంపింది మారివోనే. కెఫే కిటికీకి అంటించిన కాగితం చూసొచ్చి, “ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వెళ్ళిరా” అని కోటు చేతికిచ్చింది. ఇప్పుడు ఆవిడకే కాలూ చెయ్యీ ఆడటం లేదు.

కాఫీ తర్వాత మీసం పోయింది. బుధవారం పేకాట పోయింది. వీధి చివరి రొట్టెల దుకాణం పోయింది. ఆ దుకాణదారు మారివోన్‌ను దారిలో ఆపి, “మా రొట్టె ఏం పాపం చేసిందమ్మా?” అని నిలదీశాడు. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా ఆవిడ గుండె గబగబా కొట్టుకునేది. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచేది. ఇంట్లో ఉన్న పాత అలవాట్లన్నిటిలోకీ పాతది పెళ్ళామే కదా, ఆ వంతు ఎప్పుడొస్తుందా అని రాత్రిళ్ళు కప్పుకేసి చూస్తూ పడుకునేది.

డియెప్‌లో ఉన్న అక్క సొలాంజ్ రోజూ ఫోన్ చేసేది.

“ఏమన్నా అన్నాడా?”

“లేదక్కా. నిన్న మఫ్లరు వదిలేశాడు.”

“మఫ్లరు గొడవ ఎవరిక్కావాలే! నీ సంగతి?”

“నా దాకా ఇంకా రాలేదు.”

“వస్తుందిలే, ధైర్యంగా ఉండు. పై గది ఊడ్చి ఉంచాను. కిటికీ తీస్తే సముద్రమే.”

మారివోన్‌కు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ సముద్రం పక్కనే పుట్టి పెరిగింది తను. ఎర్వేకి ఆ గాలి పడదు. వేసవిలో రెండ్రోజులు వెళ్ళినా కిటికీలన్నీ మూసేసేవాడు. అంతకుమించి అతనికి వంక పెట్టడానికేమీ లేదు. ఏనాడూ గొంతు పెంచలేదు, ఏ పుట్టినరోజూ మరచిపోలేదు. “అలాంటివాడు దొరకడం నీ అదృష్టం” అని అందరూ అంటే ఆవిడా కాదనలేదు. అలాంటి మనిషితో పోట్లాట పెట్టుకోవడానికి కూడా వీలుండదు.

శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర ఎర్వే తన చేతిగుడ్డను, దాన్ని చుట్టి పెట్టుకునే చెక్క కడియంలోంచి లాగి, కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెరొక కడియం, దానిమీద చెరొక పేరు. పెళ్ళినాడు ఎర్వే వాళ్ళమ్మ చెక్కించి ఇచ్చింది. తనది తీసి సొరుగులో పడేశాడు.

“అదీనా?” అంది మారివోన్.

“నేను అడిగి పుచ్చుకున్నానా?”

“మరి నాది?” అంది ఆవిడ.

ఎర్వే ఆమె పేరున్న కడియాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు. జేబులో వేసుకున్నాడు.

“దీని గురించి ఆలోచించాలి. ఆదివారం చెప్తా.”

శనివారమంతా మారివోన్ ఒకచోట నిలవలేకపోయింది. అటక మీది ప్రయాణాల పెట్టె దించి దుమ్ము దులిపింది. వెళ్ళమన్నాక వెతుక్కుంటూ కూర్చోవడం ఏం మర్యాద? ఆదివారం ఎర్వే ఇంకాసేపు పడుకుంటానంటే, “చర్చకు ఆలస్యమవుతుంది, లే” అని తనే లేపి పంపించింది.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు. బల్లమీద కోడి పొగలు కక్కుతోంది.

“కూర్చో మారివోన్.”

“నిలబడే వింటా.”

“కూర్చుని వినాల్సిన మాట.”

కూర్చుంది.

“నిన్ను నేను ఎంచుకోలేదు. మా అక్క పెళ్ళి విందులో ఎవరో మనిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. అంతే, అలాగే కూర్చుండిపోయాం.”

“అవును,” అంది.

“ఇది ప్రేమా, అలవాటా అని రెండు రాత్రులు నిద్రపోలేదు.”

“చెప్పేయ్ ఎర్వే. నేను తట్టుకుంటా.”

అతను జేబులోంచి కడియం తీసి ఆమె కంచం పక్కన పెట్టాడు. మీసం లేని పైపెదవి వణికింది.

“అన్నీ వదిలేసి చూసుకుంటే, నాకు కావాల్సింది ఇదొక్కటే మిగిలింది. ఈసారి నేనే ఎంచుకుంటున్నా. నిన్నే.”

మారివోన్ బల్లమీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.

“పిచ్చిదానా, వదిలేస్తాననుకున్నావా?” అని అతను జుట్టు నిమిరాడు.

“అనుకున్నా,” అంది.

“మాస్టారు చెప్పింది నిజమే. మన బదులు ఇంకెవరూ ఎంచుకోరు.”

ఆ మాటకు మారివోన్ తలెత్తి అతన్ని చూసింది. కళ్ళు తుడుచుకుంది. అతను కూనిరాగం తీస్తూ కోడిని ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. ఆవిడ లేచి పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని అక్కకు ఫోన్ చేసింది.

“అన్నాడా?” అంది సొలాంజ్ ఆత్రంగా.

“ఎర్వే నన్ను వదిలేలా లేడక్కా, ఇక నేనే వదలాలి.”