డ్రైవింగ్ మాస్టారి కోపం

“కారు మీద తడి దుప్పట్లు ఆరేసిందెవరు?”

డ్రైవింగ్ మాస్టారు వాకిట్లో నిలబడి వేసిన కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎవరు ఆరేశారో ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో అంత ధైర్యం అత్తగారికి ఒక్కరికే ఉంది.

“నేనే అల్లుడుగారూ,” అంటూ ఆవిడ తాపీగా బయటికి వచ్చింది. “ఎండంతా మీ కారు మీదే పడుతుంటే నేనేం చేయను?”

“అది డ్రైవింగ్ స్కూలు బండి! మీ దండెం కాదు! బుద్ధుండక్కర్లేదా మనిషికి?”

మాట నోరు దాటాక గానీ తనేమన్నాడో ఆయనకు తెలియలేదు. అప్పటికే ఆవిడ లోపలికి తిరిగి కేకేసింది. “అమ్మాయ్! మీ ఆయన మారిపోయాడన్నావే, ఏదీ? నాకు కనపడదేం?”

అది సూటిగా తగిలింది. మాస్టారు బాప్తీస్మం తీసుకుని ఏడాది కూడా కాలేదు. భార్య పోరు పడలేక చర్చికి వెళ్ళినవాడు అక్కడ విన్న మాటకు కదిలిపోయాడు. నీళ్ళలో మునిగి లేచినప్పుడు కోపం కూడా ఆ నీళ్ళలోనే పోయిందనుకున్నాడు. కొన్నాళ్ళు నిజంగానే పోయింది. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటరు తొక్కేవాళ్ళను చూసి కూడా నవ్వాడు. తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. అరవడం, కుమిలిపోవడం, వెళ్ళి క్షమాపణ అడగడం, ఇంకెప్పుడూ అరవనని దేవుడికి మాటివ్వడం, మళ్ళీ అరవడం.

కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అత్తగారు కూరలు తరుగుతోంది.

“అత్తయ్యా, తప్పయింది. అలా అనాల్సింది కాదు. క్షమించండి.”

“సరేలెండి.” ఆవిడ తలెత్తలేదు. “రేపు కూడా ఇలాగే రావాలిగా, కాస్త ఓపిక దాచుకోండి.”

మర్నాడు ఆదివారం. ఆయన లేచేసరికి అత్తగారి గది ఖాళీగా ఉంది. సంచీ లేదు, చెప్పులు లేవు.

“మీ అమ్మేదీ?”

“పొద్దున్నే వెళ్ళింది,” అంది భార్య జడ వేసుకుంటూ.

“నా మీద కోపంతోనా? ఉండు, బండి తీస్తాను. బస్టాండు దాకా కూడా వెళ్ళి ఉండదు.”

“వెళ్ళనివ్వండి. మీరు ఆపకండి.”

మాస్టారు అందుకున్న బండి తాళాలు మళ్ళీ పెట్టేశాడు. పెద్దావిడను ఇంట్లోంచి తరిమేశాడు. భార్య మనసు కూడా విరిచేశాడు. ఇక మిగిలిందేముంది?

భార్య తయారయ్యేదాకా ఆగకుండా చర్చికి నడిచాడు. హాల్లో ఇంకా కుర్చీలు సర్దుతున్నారు. పాస్టరుగారు బాప్తీస్మపు తొట్టి పక్కన నిలబడి నీళ్ళు పడుతున్నారు.

“అయ్యగారూ, నా పేరు సంఘంలోంచి తీసేయండి.”

“వందనాలు కూడా చెప్పకుండానే? ఏమైంది తమ్ముడూ?”

మాస్టారు జరిగిందంతా చెప్పాడు. “ఒప్పుకున్న పాపమే మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. ఏ మొహం పెట్టుకుని దేవుణ్ణి అడగను? నాకసలు రక్షణ వచ్చిందంటారా? వస్తే నేనే పోగొట్టుకున్నానా? పోనీ, ఇంకోసారి బాప్తీస్మం ఇవ్వండి.”

పాస్టరుగారు కుళాయి కట్టేశారు.

“నీ దగ్గర నేర్చుకునేవాళ్ళు నడిరోడ్డు మీద బండి ఆపేసుకుంటే ఏం చేస్తావు?”

“మళ్ళీ స్టార్ట్ చేయమంటాను.”

“మళ్ళీ ఆగితే?”

“మళ్ళీ చేయమంటాను. కాస్త అరుస్తాననుకోండి.”

“నీకిక రాదు పొమ్మని దింపేయవుగా?”

“ఎలా దింపేస్తానండీ? నేర్పుతానని చేర్చుకున్నాక?”

“ఆయనా నిన్ను అలాగే చేర్చుకున్నాడు. కాకపోతే అరవడు, అంతే.”

మాస్టారికి నవ్వొచ్చింది. కళ్ళు కూడా తడిశాయి. “మరి నేను బాధపెట్టినవాళ్ళ మాటేమిటండీ? అడిగి అడిగి నా క్షమాపణకే విలువ లేకుండా పోయింది.”

పాస్టరుగారు ఏదో అనబోయి ఆగారు. “ముందు జేబులో ఉన్నవి తీసి పక్కన పెట్టు. ఇవాళ ఒకరికి బాప్తీస్మం. నాకు సాయం పట్టే సంఘ పెద్దకు నడుం పట్టేసింది. నువ్వు దిగాలి.”

“నేనా? నాలాంటివాడా?”

“నువ్వే.”

ఆరాధన మొదలైంది. వాక్యం అయ్యాక పాస్టరుగారు సంఘం వైపు తిరిగారు. “ఏం చూసి నమ్మావమ్మా అని ఈ సోదరిని అడిగాను. ‘ఎంతో గర్వం ఉన్న ఒక మనిషి నా ముందు తల వంచాడండీ. అతణ్ణి వంచినవాడు నన్ను కూడా వంచగలడనిపించింది’ అంది.”

మాస్టారు ముందు వరసలో నడుం పట్టుకుని కూర్చున్న సంఘ పెద్ద వైపు చూశాడు. ఒకప్పుడు లాఠీ తిప్పిన మనిషి. ఇప్పుడు చంటిపిల్లల్ని కూడా ‘మీరు’ అంటాడు. తప్పకుండా ఆయనే అయ్యుంటాడు. మాస్టారికి అసూయ కలగలేదు, హాయిగా అనిపించింది. ఆ పెద్దాయనంత మంచివాడు కావడానికి తనకు ఎన్నాళ్ళు పట్టినా సరే, దేవుడు మాత్రం దింపేయడు. సాయంత్రం అత్తగారు ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాలి. విలువ ఉన్నా లేకపోయినా ఇంకోసారి అడగాలి.

ఆయన తొట్టిలోకి దిగాడు. నీళ్ళు నడుము దాకా చల్లగా తగిలాయి. పాట అందుకున్నారు. తెల్లబట్టలు కట్టుకుని, కళ్ళ దాకా ముసుగు లాక్కున్న ఆడమనిషి ఒకావిడ మెట్టు మీద కాలు పెట్టి, నీళ్ళు చూసి జంకి ఆగిపోయింది.

మాస్టారు చెయ్యి అందించాడు. “భయపడకండమ్మా, నేను పట్టుకుంటాను.”

“గట్టిగా పట్టుకోండి, అల్లుడుగారూ.”