గాలికి అడ్డం

"సముద్రం కనిపించకుండా ఇవేంటండీ, అడ్డంగా!"

కొత్తగా కొన్న ఇంట్లో అడుగు పెడుతూనే టీచరమ్మ కంటపడ్డవి, ప్రహరీ వెంట వంకర్లు తిరిగిన సరుగుడు చెట్లు.

మర్నాడే రంపం తెప్పించింది.

గేటు దగ్గర ఎవరో ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

"కొట్టించకండమ్మా. ఉప్పుగాలిని ఆపేవి అవే."

"మా ఇల్లు, మా చెట్లు. మీకెందుకండీ?" కస్సుమంది టీచరమ్మ.

ఆయన చూపు ఆవిడ చేతిలోని కుండీ మీద పడింది.

"ఇక్కడ పొన్నో, గన్నేరో అయితే తట్టుకుంటాయి. జాజి బతకదమ్మా."

"బతికి తీరాలి. ఇది మా అమ్మ పెంచిన జాజితీగ కొమ్మ. అమ్మా పోయింది, ఆ తీగా పోయింది. నాకు మిగిలింది ఇదొక్కటే."

రంపం పట్టుకున్నవాళ్ళకు కానివ్వమని సైగ చేసింది.

ముసలాయన చివరి చెట్టు పడేదాకా అక్కడే నిలబడి, వెళ్ళిపోయాడు.

జాజి బతికింది. బతకడమేమిటి, ప్రహరీ మీదికి పాకి మొగ్గ తొడిగింది. పొద్దున్నే ఆకులు తడితడిగా మెరిసేవి. మంచు కాబోలు అనుకునేది టీచరమ్మ.

"నన్ను ఒక్కనాడైనా ఇంత ముద్దుగా చూశావా?" అని భర్త ఉడికించేవాడు.

ఒకరోజు తెల్లవారుతూనే కిటికీ తీస్తే గోడ అవతల అదే ముసలాయన. ఒక చేతిలో చెంబు, రెండో చెయ్యి జాజితీగ మీద.

"మా అమ్మ పూలే దొరికాయా మీకు? ఈ వయసులో దొంగతనమా? సిగ్గు లేదూ!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ వింటేగా!

తల దించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వారం తిరక్కుండా జాజి ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. టీచరమ్మ రాలిన ఆకులు గుప్పిట పట్టుకుని, మొక్కలమ్మే అతని దగ్గరికి పరుగెత్తింది.

అతను ఒక ఆకు నాలుకకు తాకించి చూశాడు.

"ఉప్పుగాలి కొట్టిందమ్మా. ఇన్నాళ్ళూ రోజూ ఆకులు మంచినీళ్ళతో కడిగే కదా బతికించారు. ఇప్పుడెందుకు మానేశారు?"

"నేనెప్పుడు కడిగాను..."

ముసలాయన చేతిలో చెంబు కళ్ళ ముందు మెదిలింది.

"మా వీధిలో ఒక ముసలాయన తిరిగేవారు. ఎక్కడుంటారు?"

"మా కొట్టు ఎదురు గదిలో ఉండేవాడు, ఆయనేనా? మొన్నే ఖాళీ చేసి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"ఎవరాయన?"

"ఇదివరకు మీ ఇంట్లోనే అద్దెకుండేవాళ్ళు, ఆలుమగలిద్దరూ. ఆవిడ పోయాక ఆయనకు మిగిలింది, ఆవిడ చేత్తో నాటిన ఆ సరుగుడు చెట్లే."