కొత్తమొహం అడిగిన ప్రశ్నలు

"ఏమండీ, కంప్యూటర్ తెర మీద ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి ఊడి పక్కన పడుతున్నాయి. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

తలుపు దగ్గర నిలబడే అడిగిందామె. భర్త తన కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు.

"నీ కంప్యూటర్ నడవడానికి ఉచితంగా దొరికే లినక్స్ వేసిచ్చానుగా. చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోలేవా?"

"పాతదైతే చేతికి అలవాటైందండీ."

"పాతది డబ్బు కట్టని దొంగ కాపీ. నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. అంతగా రాకపోతే ఇంటర్నెట్లో సహాయ వేదికలున్నాయి, అక్కడ అడుగు. నీలాంటివాళ్ళ కోసమే పెట్టారు. తలుపేసి వెళ్ళు."

ఆమె పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతుంది. ఆయన లెక్కలో అది కాలక్షేపం. ఏం పుస్తకాలో, ఎవరి కోసమో ఆయన ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. ఆమెకు మాత్రం ఆ ఇంట్లో నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఈసారి నవల వేళకు ఇవ్వకపోతే అదీ చేజారేలా ఉంది.

సహాయ వేదికలో అందరివీ మారుపేర్లే. 'కొత్తమొహం' అని పెట్టుకుని తన ఒత్తుల గోడు రాసింది. ఒకడు మాన్యువల్ చదివి రమ్మన్నాడు. ఇంకొకడు పగలబడి నవ్వే బొమ్మ పెట్టాడు. సిగ్గేసి మూసేయబోతుంటే 'దారిదీపం' అనే ఆయన వచ్చాడు.

"వాళ్ళ మాటలు పట్టించుకోకండి. ఇది మీ తప్పు కాదు, మాది. నెమ్మదిగా చేద్దాం. ముందు మీకు తెర మీద ఏం కనిపిస్తోందో చెప్పండి."

మీ తప్పు కాదు. ఆ మాటను ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకుంది.

ఆ సాయంత్రానికి ఒత్తులు కుదురుకున్నాయి. నవల వేళకే వెళ్ళింది. తర్వాత కీబోర్డు, ఆ తర్వాత ప్రింటరు. ఏదడిగినా ఆయన విసుక్కోడు. ప్రింటరు తీగ ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదంటే, తన బల్ల మీది కంప్యూటర్‌ను ఫోటో తీసి, గురుతు పెట్టి పంపాడు. ఆ ఫోటోను ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ రోజు నుంచి ప్రశ్నలు ఎక్కువయ్యాయి. వచ్చినవి కూడా రానట్టే అడిగేది.

"అనుమతి నిరాకరించబడింది అంటోందండీ. ఏదో నేరం చేసినట్టుంది."

"నిజమే సుమా! మరి మీరైతే ఎలా రాస్తారు?"

"'ఈ పనికి మీ పాస్‌వర్డ్ కావాలి' అంటే సరిపోదా?"

సరిపోయింది. ఆయన బృందం కొత్తవాళ్ళ కోసం తయారుచేస్తున్న లినక్స్‌లో అలా బెదిరించే మాటలన్నీ ఏరి, ఇద్దరూ కలిసి తిరగరాశారు. వేదికలో జవాబులిచ్చేవాళ్ళ కోసం ఆయనే ఒక నియమం కూడా పెట్టాడు: కొత్తవాళ్ళను కసరకూడదు, ఎన్నిసార్లు అడిగినా చెప్పాలి.

ఓ మధ్యాహ్నం భర్త నీళ్ళ కోసం బయటికొచ్చాడు.

"ఇంకా ఆ డబ్బాతోనే కుస్తీ పడుతున్నావా?"

ఆమె తెరను పక్కకు తిప్పుకుంది. ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది, ఆయన అటు చూడనే లేదు. ఆయన లోపలికెళ్ళి తలుపేసుకున్నాక దారిదీపం జవాబు వచ్చింది. చదువుతూ తనలో తనే నవ్వుకుంది.

అక్క చూడ్డానికి వచ్చి, ఇట్టే పట్టేసింది.

"మొహం వెలిగిపోతోంది, ఏంటే సంగతి?"

చెప్పింది. అక్క గొంతు తగ్గించింది.

"పెళ్ళైందా ఆయనకి?"

"అయింది."

"పెట్టిపుట్టింది ఆయన పెళ్ళాం! నీ మొగుడూ ఉన్నాడు, నోరు తెరిస్తే ఏం రాలిపోతుందో అన్నట్టు. పోనీ, ఆయన్ని ఒకసారి కలిసి మాట్లాడకూడదూ?"

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. మాట్లాడే మనిషంటూ దొరికాడుగా నీకు."

ఆమె ప్రూఫు కాగితాలు సర్దుకుంది.

కొత్తవాళ్ళ కోసం తయారైన లినక్స్ ఆ నెలలోనే విడుదలైంది. మొదటిసారి ముట్టుకున్నవాళ్ళు కూడా భయం లేకుండా వాడుతున్నామని రాశారు. వేదికంతా అభినందనలు. దారిదీపం ఆమెకు విడిగా రాశాడు.

"ఇందులో సగం మీదే. మీరు అడగబట్టే మాకు తెలిసింది. ఇంత ఓపికగా అడిగేవాళ్ళను నేను చూడలేదు."

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది. రాసి, చెరిపి, మళ్ళీ రాసింది.

"మీ ఇంట్లో ఆవిడకు కూడా ఇలాగే నేర్పుతారా?"

జవాబు వెంటనే వచ్చింది.

"మా ఆవిడకా? చెప్పినా బుర్రకెక్కదండి. అందుకే చెప్పడం మానేశాను. మీలాంటి మనిషైతే వేరే సంగతి."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మొహం కడుక్కుంది. కంచాలు పెట్టింది, గ్లాసుల్లో నీళ్ళు పోసింది. తిరిగొచ్చి కూర్చుని, చేతులు తుడుచుకుని, దారిదీపానికి జవాబు టైపు చేసింది.

"భోజనం వడ్డించాను, గదిలోంచి బయటికి రండి."