చూస్తే చెదురుతుందట

“ఆ పెట్టె మీద కప్పు పెట్టొద్దన్నానా, మావయ్యా?”

“ఆఫీసులో సార్ అనమన్నానా, లేదా?” అంటూ డైరెక్టరు కాఫీ కప్పును మళ్లీ ఆ చెక్కపెట్టె మీదే పెట్టాడు.

మూడు రోజుల కిందట, సోమవారం ఉదయం, మేనకోడలు ఆ పెట్టెను ఆయన బల్ల మీద ఉంచి, జాగ్రత్తగా చూడమని చెప్పి వెళ్లింది. స్టోర్సు గుమాస్తా తేదీతో సహా వేసిన లక్క ముద్ర ఇంకా చెక్కుచెదరలేదు. అందులో ఏముందని ఆయన అడగలేదు.

“అప్పుడే సామాను సర్దేస్తున్నావన్నమాట. మంచిదే. మధ్యాహ్నం సమావేశంలో నీ ప్రయోగశాల మూసేస్తే మోత బరువు తగ్గుతుంది.”

“మూసేస్తే కదా.”

“మొండిఘటం! అచ్చం మా అక్కే.”

డైరెక్టరు రాసిన పాఠ్యపుస్తకాన్ని ఒక తరమంతా చదివింది. అందులో విద్యార్థులందరూ బట్టీ పట్టే వాక్యం ఒకటుంది: ‘కణం ఎక్కడుందో చూడబోతే, ఆ చూపే అది పోయే దిశను చెదరగొడుతుంది, అనిశ్చితికి కారణం ఇదే.’ ఆ వాక్యం నిజమో కాదో తేల్చడానికే మేనకోడలు ఏళ్ల తరబడి తన పరికరాన్ని నిర్మించుకుంది. అది ఉండాలా, విప్పేయాలా అన్నది ఈ రోజు ఆయన ఇచ్చే అభిప్రాయం మీద ఆధారపడి ఉంది.

“ఆ వాక్యం నీ చిన్నప్పుడు నేనే చదివి వినిపించాను. బుద్ధిగా తలూపావు.”

“అప్పుడు మీరు చాక్లెట్టు ఇచ్చేవారు.”

నవ్వకూడదనుకుంటూనే ఆయన నవ్వేశాడు. “సరే, నీ వాదన ఒక్క ముక్కలో చెప్పు.”

“కాంతి పుంజాన్ని సన్నం చేస్తే దాని దిశ చెదురుతుంది. మనం చూసినా అంతే, కళ్లు మూసుకున్నా అంతే. చూపు ఓ కాస్త కదిలిస్తుందేమో గానీ, అసలు చెదురు చూపుది కాదు.”

“మరి ఎవరిది?”

“ప్రకృతిది.”

“రుజువు లేనిదే ఏదీ నమ్మనంటావు, చివరికి ప్రకృతి మీదకు నెట్టేస్తావు! నిన్నటి గ్రాఫేదీ? ఇలా తే.”

ఆమె గ్రాఫు పరిచింది. ఆమె ఏర్పాటు ఆయనకు తెలిసిందే. కటకం కాంతి పుంజాన్ని సన్నం చేస్తుంది. దాని తర్వాత గోరంత స్ఫటికం ఒక్కో కాంతి కణం ఎక్కడుందో చూస్తుంది. చివరన కెమేరా ఆ కణం ఎటు పోయిందో పట్టుకుంటుంది. గ్రాఫు మీద గీత వెడల్పాటి గుట్టలా లేచి దిగింది.

“పరికరం సరిగ్గా పనిచేసిందా?”

“ప్రయోగశాల బల్ల మీదున్నవన్నీ సరిగ్గానే పనిచేశాయి.”

ఆయన స్కేలుతో గుట్ట వెడల్పు కొలిచాడు. కాగితం అంచున లెక్క వేశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇంకోసారి వేశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“నా సూత్రం చెప్పినంతే చెదిరింది! చూడమ్మా, ఇదంతా నీ స్ఫటికం చేసిన నిర్వాకమే. చూసింది, చెదరగొట్టింది. ఇంకేం కావాలి నీకు?”

“ఇక్కడ ఇలా అంటారు. సమావేశంలో మాట మారుస్తారు.”

“ఎవరు, నేనా?”

“అయితే రాసివ్వండి.”

ఆయన రోషంగా ఎర్రకలం అందుకున్నాడు. ‘ఈ చెదురుకు ఏకైక కారణం స్ఫటికపు చూపు’ అని గుట్టకు అడ్డంగా రాసి, పొడుగ్గా సంతకం చేశాడు.

“ఇప్పుడైనా ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోను.”

“సాక్ష్యం కళ్లెదుట పెట్టుకునా? నీ పరికరాన్ని విప్పేయమని నా నోటితోనే చెప్పాల్సి వస్తుంది, తెలుసా?”

“చెప్పండి. చెప్పేముందు ఈ గ్రాఫును అందరి ముందూ పెట్టండి.”

“భేషుగ్గా పెడతాను. నాకేం భయం?”

ఆమె లేచింది. చెక్కపెట్టె మీది కప్పును తీసి ఆయన చేతికిచ్చింది. మూత మీద మిగిలిన గుండ్రటి కాఫీ మరకను చేతిరుమాలుతో తుడిచి, పెట్టెను ఆయన ముందుకు జరిపింది.

“ఆ స్ఫటికం సోమవారం నుంచీ మీ కప్పు కిందే ఉంది, మావయ్యా.”