పేరు చివరి గుర్తు

మనుషుల్ని వెతికే పని యంత్రాలకు అప్పగించిన కాలమది. తుఫానులో తప్పిపోయిన తమ్ముడి కోసం నూకరత్నం సహాయ శిబిరానికి వచ్చి, యంత్రంలో ‘అప్పలకొండ’ అని కొట్టింది. యంత్రం ఒప్పుకోలేదు.

“పేరు చివర ఇంగ్లీషు ‘ఐ’ గుర్తు పెట్టాలమ్మా. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడొద్దని దానర్థం,” అన్నాడు అధికారి.

“తెలుగులో ఆ తేడా ఎక్కడుంది బాబూ?”

“లేకపోయినా పెట్టాలి. రూలు.”

పెట్టింది. గుర్తుకు ముందు ఖాళీ వదిలావంటూ యంత్రం మళ్లీ తిప్పికొట్టింది.

నూకరత్నానికి ఒళ్లు మండింది. గుమ్మంలో నిలబడి, “ఒరే అప్పలకొండా!” అని కేక పెట్టింది.

“అక్కా!” అంటూ పక్క గదిలోంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

అధికారి అడ్డం వచ్చాడు. “రూలు ప్రకారం వెతకలేదు. ఈయన ఇంకా దొరకనట్టే లెక్క.”

“దొరకనోణ్ణి ఎలా ఆపుతావు బాబూ?” అంటూ ఆమె తమ్ముడి చేయి పట్టుకుని బయటికి నడిచింది.