యాభై నాలుగు కిలోల పోటీ

ఉద్యోగం ఒక్కటే. అర్హులు ఇద్దరు.

రాజమండ్రిలో కొత్తగా పెట్టిన స్పోర్ట్స్ అకాడమీకి అమ్మాయిల బాక్సింగ్ కోచ్ కావాలి. డైరెక్టర్ ప్రసన్నకుమార్ బల్ల మీద రెండు ఫైళ్ళు మిగిలాయి.

మొదటిది దుర్గాశ్రీది. తణుకు దగ్గర రైతు కుటుంబం. అటువైపు పోటీల్లో ఏడేళ్ళుగా నలభై ఎనిమిది కిలోల కప్పు ఆమెదే. ఏడేళ్ళలో ఒక్క పాయింటు కూడా పోగొట్టుకోలేదు.

రెండోది సత్యశ్రీది. అంతర్వేది దగ్గర చేపలు పట్టే కుటుంబం. కోనసీమ వైపు పోటీల్లో నాలుగేళ్ళలో నాలుగు విభాగాలు గెలిచింది. యాభై ఒకటి, యాభై నాలుగు, యాభై ఏడు, అరవై. ముఖం మీద చిన్న గీత కూడా లేదు.

ఇద్దరూ జిల్లా దాటి ఆడలేదు. ఆడపిల్లను ఊళ్ళు తిప్పడం కుదరదన్నారు ఇళ్ళల్లో. ఆ ఒక్క విషయంలో వరి పండించే ఇంటికీ, వల వేసే ఇంటికీ తేడా లేదు.

ప్రసన్నకుమార్ ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచాడు.

"ఏడేళ్ళూ ఒకే బరువులో ఉండిపోయారేంటండి?" అని దుర్గాశ్రీని అడిగాడు.

"మాటిమాటికీ చోటు మార్చేస్తే, నాతో తలపడదామని వచ్చేవాళ్ళకి నేనెక్కడ దొరుకుతానండి?"

కమిటీలో ఉన్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు ముసలయ్య గారు "అబ్బో!" అన్నారు.

"మరి మీరేంటండి, ఏడాదికో విభాగం మార్చేశారు?"

"ఉన్నచోట ఎవరూ లేరు కదండీ" అంది సత్యశ్రీ. "పైన ఎవరైనా ఉంటారేమోనని వెళ్ళాను."

ముసలయ్య గారు రెండోసారి "అబ్బో!" అన్నారు. ఇద్దరి ఫైళ్ళ మీదా పెన్సిల్‌తో 'పొగరు' అని రాసుకున్నారు.

వాళ్ళు బయటికెళ్ళాక కమిటీ రెండుగా చీలింది.

"ఏడేళ్ళు నోరు కట్టుకుని ఒకే బరువు మీద నిలబడటం మాటలాండీ? దుర్గాశ్రీయే గొప్ప" అన్నారు ముసలయ్య గారు.

"ఏటా కొత్త విభాగంలోకి దూకాలంటే ఎంత గుండె ఉండాలి! సత్యశ్రీకే ఇవ్వాలి" అంది కమిటీలో ఇంకో సభ్యురాలు సూర్యకళ.

సంగతి పేపర్లోకెక్కింది. అక్కణ్ణించి టీ కొట్లలోకి పాకింది. తణుకులో ఒక మాట, రావులపాలెంలో ఇంకో మాట. చిత్రం ఏమిటంటే, ఇద్దరి ఆటా కళ్ళారా చూసినవాళ్ళు పెద్దగా లేరు. నిమిషంలో ముగిసిపోయేది. చూద్దామని వెళ్ళినవాళ్ళు టీ తాగి వచ్చేసరికే రిఫరీ చెయ్యి ఎత్తేసి ఉండేవాడు.

చివరికి ప్రసన్నకుమారే తేల్చాడు. "ఇద్దరూ మధ్యలో కలవండి. యాభై నాలుగు. రెండు నెలలు టైమిస్తున్నాను. గెలిచినవాళ్ళకి ఉద్యోగం."

ఒకరు ఆరు కిలోలు పెరగాలి. ఒకరు ఆరు కిలోలు తగ్గాలి.

దుర్గాశ్రీ ఏడేళ్ళలో మొదటిసారి మారు అన్నం అడిగింది. వాళ్ళమ్మ రత్నమాణిక్యం కళ్ళు తుడుచుకుని పప్పు మీద రెండు గరిటెల నెయ్యి వేసింది. అంతర్వేదిలో సత్యశ్రీ తన కంచంలో చందువ చేప ముక్కలు వాళ్ళమ్మ కంచంలోకి నెట్టేసి, చారు తాగి లేచిపోయింది.

దుర్గాశ్రీకి నేర్పిన వీరబ్రహ్మం గారికి మాత్రం నిద్ర పట్టలేదు.

"ఇన్నాళ్ళూ సాఫీగా జరిగిపోయింది. ఇప్పుడీ పోటీ ఎందుకమ్మా? ఉన్న పేరు కాస్తా పోతుంది."

"పోతే పోనివ్వండి సార్. ఆమె వస్తుందంటారా?"

"ఎందుకు రాదు?"

"తూకం దగ్గర కళ్ళతో చూస్తే గానీ నమ్మలేనండి."

ఆదివారం పొద్దున్న తూకం. ఇద్దరూ సరిగ్గా సరిపోయారు. దుర్గాశ్రీ ఎదుటి అమ్మాయిని కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"వచ్చారా?"

"వచ్చానండి. మీరు?"

"నేనూ వచ్చాను."

పక్కనున్న విలేకరి 'పోటీకి ముందే మాటల యుద్ధం' అని రాసుకున్నాడు.

హాలు కిటకిటలాడింది. గంట మోగింది. పది సెకన్లు ఇద్దరూ కదల్లేదు, ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు. "కానివ్వండమ్మా" అన్నాడు రిఫరీ.

సత్యశ్రీ ఎడమ చెయ్యి విసిరింది. దెబ్బ ముక్కు మీద పడింది. రక్తం కారింది. దుర్గాశ్రీ గ్లోవ్‌తో తుడిచి, ఆ ఎరుపు చూసుకుని నవ్వింది. తర్వాతి దెబ్బ ఆమెది. సత్యశ్రీ తాళ్ళ మీద పడి, లేచి, ఇంకా పెద్దగా నవ్వింది. హాలంతా గోల గోలగా ఉంది గానీ ఆ ఇద్దరికీ ఏమీ వినిపిస్తున్నట్టు లేదు. మూడు రౌండ్లూ ఎవరూ వెనక్కి తగ్గలేదు.

అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు దుర్గాశ్రీ వైపు చెప్పారు. ఉద్యోగం ఆమెదైంది.

విలేకరి సత్యశ్రీ దగ్గరికి పరుగెత్తాడు. ఆమె ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. "ఓడిపోయారు కదండీ, ఎలా ఉంది?"

సత్యశ్రీ అతని మాట వినలేదు. దుర్గాశ్రీని గట్టిగా వాటేసుకుని ఉంది. ఇద్దరూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"మళ్ళీ ఎప్పుడండీ?" అంది సత్యశ్రీ.

"రేపు రాగలరా?" అంది దుర్గాశ్రీ.

పోటీలో ఎదురుగా ఒక మనిషి నిలబడటం ఇద్దరికీ అదే మొదటిసారి, ఎందుకంటే ఆ పదకొండు కప్పుల్లో ఒక్కదానికి కూడా వాళ్ళ విభాగంలో ఇంకో అమ్మాయి పేరివ్వలేదు.